చక్రవర్తి ముక్కు బేరిపండు

ఒక మగమనిషి బొమ్మ. ముక్కు బేరిపండు. బుగ్గలు ఎర్రగా పండిన పండ్లు. కంటిరెప్పలు బఠానీ కాయలు. పెదవులు చెర్రీపండ్లు. గడ్డం చెస్ట్‌నట్ అనే కాయకుండే ముళ్ళ తొడుగు. జుట్టంతా ద్రాక్షగుత్తులు, గోధుమ వెన్నులు. చెవికి పోగులాగా ఒక పండిన అంజూరం. ఛాతీ మీద గుమ్మడికాయ, భుజం మీదుగా పువ్వుల దండ. ఇది సంతలో ఎవరో సరదాకి పేర్చిన బొమ్మ కాదు. ఐరోపాలో సగం దేశాలు ఎవరి పేరు చెబితే లేచి నిలబడేవో, ఆ రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి బొమ్మ ఇది. 1591 ప్రాంతంలో జుసెప్పె ఆర్చింబోల్దో అనే ఇటలీ చిత్రకారుడు దీన్ని వేశాడు. పేరు 'వెర్టుమ్నస్'. రోమన్ల కథల్లో వెర్టుమ్నస్ అంటే ఋతువులు మార్చే దేవుడు, తోటల దేవుడు, ఏ రూపం కావాలంటే ఆ రూపం ఎత్తగలవాడు.

మనలో ఎవరినైనా "గుమ్మడికాయ మొహం" అని చూడండి, ఆ రోజంతా మాట్లాడరు. మరి చక్రవర్తి మొహాన్నే కూరగాయలతో వేస్తే ఆయనకు కోపం రాలేదా? రాలేదు. పైగా 1592లో ఆ చిత్రకారుడికి కౌంట్ పాలటైన్ అనే పెద్ద బిరుదు ఇచ్చాడు.

మా చిత్రలేఖనం సార్ స్కూలు కంప్యూటర్లో ఈ బొమ్మలు చూపించినప్పుడు క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఒకే ప్రశ్న వచ్చింది. ఇది గారడీయా, కళా? ఒకసారి నవ్వి వదిలేసే బొమ్మలా, మళ్ళీమళ్ళీ చూడాల్సిన బొమ్మలా? ఈ వ్యాసంలో నేను దానికే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఎవరీ ఆర్చింబోల్దో?

ఆయన 1526 ప్రాంతంలో మిలాన్ నగరంలో పుట్టాడు. తండ్రి బియాజియో కూడా చిత్రకారుడే. మిలాన్‌లోని పెద్ద చర్చి కిటికీల రంగు గాజు పలకలకు తండ్రీకొడుకులు కలిసి నమూనాలు గీశారు. అంటే మొదట ఆయన వేసినవి అందరూ వేసే దేవుడి బొమ్మలే. 1562లో వియన్నాకు, హాబ్స్‌బర్గ్ వంశపు రాజుల కొలువుకు వెళ్ళాడు. మొదటి ఫెర్డినాండ్, ఆయన కొడుకు రెండవ మాక్సిమిలియన్, మనవడు రెండవ రుడాల్ఫ్, ఇలా మూడు తరాల చక్రవర్తుల దగ్గర పాతికేళ్ళు పనిచేశాడు. రాజకుటుంబం వాళ్ళ మామూలు బొమ్మలు వేయడం, పండుగ ఊరేగింపులకు వేషాలు, బండ్లు, కిరీటాలు ఎలా ఉండాలో గీసి ఇవ్వడం కూడా ఆయన పనే. 1587లో మిలాన్‌కు తిరిగొచ్చాడు. 1593లో అక్కడే చనిపోయాడు. 'వెర్టుమ్నస్' ఆయన ముసలితనంలో మిలాన్‌లో వేసి, ప్రాగ్‌లో ఉన్న రుడాల్ఫ్‌కు పంపిన బొమ్మ.

ఆ కొలువు ఎలాంటిదో తెలిస్తే ఈ బొమ్మలు ఇంకా బాగా అర్థమవుతాయి. అది కొత్త మొక్కలు, కొత్త జంతువులు, వింత వస్తువులు పోగుచేసే కొలువు. మత్తియోలి, క్లూసియస్ లాంటి పేరుపొందిన వృక్షశాస్త్రవేత్తలు ఆ కాలంలో ఆ చక్రవర్తుల దగ్గర పనిచేశారు. ఆర్చింబోల్దో కూడా జంతువులనూ పక్షులనూ ఉన్నవి ఉన్నట్టు గీసేవాడు. ఆయన గీసిన కొన్ని బొలోన్యా నగరంలోని అల్ద్రోవాంది అనే ప్రకృతి శాస్త్రవేత్తకు చేరాయి. కాబట్టి ఈయన కాయను కాయలాగా చూడటం బాగా నేర్చుకున్న మనిషి. ఇది గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దీనిమీదే ఉంది.

'వేసవి' బొమ్మను నెమ్మదిగా చూద్దాం

1563లో ఆయన నాలుగు ఋతువులను నాలుగు ముఖాలుగా వేశాడు. వాటిలో 'వేసవి' వియన్నాలోని కళా చరిత్ర మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. పక్కకు తిరిగిన ముఖం. బుగ్గ పీచ్ పండు, ముక్కు దోసజాతి కాయ, పెదవులు చెర్రీలు. పళ్ళు ఏమిటో ఊహించండి! విచ్చుకున్న బఠానీ కాయలో వరసగా ఉన్న గింజలు. చెవి మొక్కజొన్న కంకి. చొక్కా గోధుమ గడ్డితో అల్లినది. ఛాతీ దగ్గర ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూర నిలబడి ఉంటుంది. మెడ పట్టీ అల్లికలో చిత్రకారుడి పేరు, భుజం మీది అల్లికలో 1563 అని సంవత్సరం ఉంటాయి. సంతకం కూడా గడ్డిలోనే!

ఇందులో రెండు వస్తువుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొక్కజొన్న అమెరికా ఖండం పంట. కొలంబస్ 1492లో అక్కడికి వెళ్ళాకే ఐరోపావాళ్ళకు తెలిసింది. డెబ్బై ఏళ్ళు గడిచినా అది ఇంకా వింత పంటే. ఇంకొకటి వంకాయ. అది మన దేశం వైపు నుంచి అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరిన కాయ. మనకు వంకాయ అంటే రోజూ ఉండే కూర. ఆ కొలువులో అది విశేషం. కాబట్టి ఆ బొమ్మను చూసిన రాజులు "ఆహా, ముఖం!" అని మాత్రమే అనుకోలేదు. "ఈ కంకి ఎక్కడిది, ఈ కాయ ఎక్కడిది" అని వెతుక్కున్నారు. దూరం నుంచి ఒక మనిషి, దగ్గర నుంచి ఒక తోట.

ఆ ఋతువులో దొరికేవే ఆ ముఖంలో ఉండాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. వసంతం మొత్తం పువ్వులు, ఆకులు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1573లో వేసిన ఇంకో నాలుగు ఋతువుల వరస ఉంది. అందులోని శరత్తుకు దానిమ్మపండు గడ్డం, పుట్టగొడుగు చెవి, ద్రాక్షగుత్తుల జుట్టు, విరిగిన చెక్క పీపా ఒళ్ళు. ద్రాక్ష పండే కాలం కాబట్టి పీపా. చలికాలానికి వస్తే పండ్లూ లేవు, పువ్వులూ లేవు. ఒక ముసలి చెట్టు మొద్దు. బెరడే ముడతలు పడ్డ చర్మం. విరిగిన కొమ్మ ముక్కు. పెదవులు పుట్టగొడుగులు. కన్ను చెట్టులోని నల్లటి చీలిక. ఒంటిమీద గడ్డి చాప. కానీ ఛాతీ దగ్గర కొమ్మకు ఒక నిమ్మపండు, ఒక నారింజ వేలాడుతుంటాయి. అంత మోడులో ఆ రెండే రంగులు. ఆ బొమ్మను చూసి మా క్లాసులో ఎవరూ నవ్వలేదు. ముసలితనం గురించి పాఠం చెప్పకుండానే ఆ బొమ్మ చెప్పేసింది. ఇది వట్టి గారడీ అయితే అలా జరగదు కదా.

ఉపమ కాదు, శ్లేష

ఇప్పుడు నా అసలు మాట. మనం తెలుగు క్లాసులో అలంకారాలు చదివాం. అందమైన ముఖాన్ని వర్ణించమంటే దొండపండు పెదవులు, సంపెంగ ముక్కు, తామరరేకుల కళ్ళు, శంఖంలాంటి మెడ అని రాస్తాం. ఇవి ఉపమలు. ఫలానాది ఫలానాదానిలా ఉంది అనడం. కానీ నిజంగా ఒక దొండపండు, ఒక సంపెంగ, రెండు తామరరేకులు, ఒక శంఖం తెచ్చి పక్కపక్కన పెట్టండి. ముఖం రాదు, పూజ పళ్ళెం వస్తుంది. మాటల్లో సాగిపోయింది కంటికి సాగదు. ఆర్చింబోల్దో కంటికి సాగేలా చేశాడు.

ఆషాఢంలో విజయవాడ దుర్గమ్మకు చేసే శాకంబరీ అలంకారం కూడా చాలామందికి గుర్తొస్తుంది. నాకూ అదే ముందు గుర్తొచ్చింది. కానీ అక్కడ అమ్మవారు ముందే ఉంది, కూరగాయలు ఆమెకు అలంకారం. ఇక్కడ కూరగాయలు తీసేస్తే లోపల ఎవరూ లేరు. కూరగాయలే మనిషి.

అందుకే ఈ బొమ్మలకు సరిపోయే పేరు మన దగ్గరే ఉందని నాకనిపిస్తుంది. అది శ్లేష. శ్లేష అంటే ఒకే మాటలో రెండు అర్థాలు, రెండూ పూర్తిగా నిలవాలి. ఆర్చింబోల్దో బతికిన 16వ శతాబ్దంలోనే పింగళి సూరన 'రాఘవపాండవీయం' రాశాడు. అవే పద్యాలు ఒకరకంగా చదివితే రామాయణ కథ, ఇంకోరకంగా విడదీసి చదివితే భారత కథ. వీళ్ళిద్దరికీ ఏ సంబంధమూ లేదు. ఒకరిది మాట, ఒకరిది రంగు. కానీ ఇద్దరూ పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఒక అర్థం కోసం రెండో అర్థాన్ని లాగి వంచకూడదు.

ఈ పరీక్షతో 'వేసవి'ని మళ్ళీ చూడండి. ముక్కు కావాలని కాయను వంచాడా? లేదు, ఆ కాయ అలాగే కాస్తుంది. పళ్ళు కావాలని బఠానీలను చెక్కాడా? లేదు, కాయ విచ్చుకుంటే గింజలు అలాగే కనబడతాయి. పీచ్ మీద ఎరుపు బుగ్గ కోసం పూసింది కాదు, ఎండ తగిలిన వైపు పండు అలాగే ఎర్రబడుతుంది. ముఖం పూర్తిగా ముఖమే, కాయ పూర్తిగా కాయే. ఇది చాలా కష్టమైన పని.

ఎంత కష్టమో నేను చేసి చూశాను. మా మామ హోసూరు మార్కెట్లో కూరగాయల బండి పెడతాడు. ఒక ఆదివారం బేరాలు తగ్గాక, గోనెపట్టా మీద ముఖం పేర్చాను. వంకాయ ముక్కు, రెండు ఎర్రగడ్డలు బుగ్గలు, బెండకాయలు కనుబొమలు, ఎర్ర మిరపకాయలు పెదవులు, కొత్తిమీర కట్ట గడ్డం. రెండు నిమిషాల్లో ముఖం వచ్చింది. పక్క బండి అక్క చూసి నవ్వింది. "ఎవరక్కా ఇది?" అని అడిగాను. "ఎవరో మీసాలాయన" అంది. అంతే! అది ఎవరి ముఖమో చెప్పడం ఎవరికీ కుదరదు. రెండు గుండ్రాలు, మధ్యలో ఒక పొడుగు, కింద ఒక గీత ఉంటే మన కన్ను దాన్ని ముఖం అనేస్తుంది. కారుకు రెండు దీపాలుంటే ముఖంలా కనబడదా? అలాగే.

కాబట్టి కూరగాయలతో ముఖం చేయడం గొప్ప కాదు. ఒకానొక మనిషిని చేయడం గొప్ప. హన్స్ ఫాన్ ఆఖెన్ అనే కొలువు చిత్రకారుడు మామూలుగా వేసిన రుడాల్ఫ్ బొమ్మ ఒకటుంది. దాన్ని 'వెర్టుమ్నస్' పక్కన పెట్టి చూడండి. బరువైన దవడ, నిండు బుగ్గలు, లావు పెదవి, గడ్డం, అన్నీ కుదురుతాయి. బేరిపండు బేరిపండుగానే ఉండి, చక్రవర్తి ముక్కు కూడా అయింది. దీనికి ఆయన వాడిన ఉపాయాలు కూడా చూస్తే తెలుస్తాయి. వెలుగు ఒకవైపు నుంచే పడుతుంది, కాబట్టి యాభై వస్తువులున్నా అన్నీ ఒకే తలలా గుండ్రంగా కనబడతాయి. వెనక నల్లటి రంగు, కాబట్టి అంచు స్పష్టంగా తెలుస్తుంది. ఒక కాయ ఇంకో కాయను కొంచెం కప్పుతుంది, కాబట్టి మధ్యలో ఖాళీలు కనబడవు. నా గోనెపట్టా మీద లేనివి ఇవే.

ఎక్కడ కుదరలేదు

మెచ్చుకోవడమే విమర్శ కాదని మా తెలుగు టీచర్ అంటారు. అందుకని కుదరలేదని నాకనిపించినవి కూడా చెబుతాను.

ఋతువుల తర్వాత 1566 ప్రాంతంలో ఆయన గాలి, నిప్పు, భూమి, నీరు అని నాలుగు ముఖాలు వేశాడు. 'నిప్పు' బాగుంది. మండే కట్టెల జుట్టు, ఒంటిమీద ఫిరంగులు. 'నీరు'లో చేపలు, పీతలు, నత్తలు, పగడాలు కుప్పగా ఉంటాయి, మెడలో ముత్యాల హారం. 'భూమి'లో జంతువులు. ఈ రెండూ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది కానీ నా పరీక్షలో పూర్తిగా నెగ్గవు. ఎందుకంటే 'భూమి'లో ఏనుగూ కుందేలూ ఒకే ముఖంలో దాదాపు ఒకే సైజులో ఇరుక్కున్నాయి. పీచ్ పండు నిజంగానే బుగ్గంత ఉంటుంది, బఠానీ గింజ నిజంగానే పంటి అంత ఉంటుంది. ఏనుగు అలా కాదు. ముఖం కోసం దాన్ని కుదించాల్సి వచ్చింది. అంటే ఒక అర్థం కోసం రెండో అర్థం నష్టపోయింది. కూరగాయల బొమ్మలే ఆయన వాటిలో అందరికీ గుర్తుండటానికి ఇది ఒక కారణమని నా ఉద్దేశం.

'గ్రంథపాలకుడు' అనే బొమ్మ వేరే రకం. స్వీడన్‌లోని స్కూక్లోస్టర్ కోటలో ఉంది. మనిషంతా పుస్తకాలే. నెత్తిన తెరిచి పెట్టిన పుస్తకం జుట్టు, దుమ్ము దులిపే కుచ్చులు గడ్డం, పేజీ గుర్తుకు పెట్టుకునే కాగితపు ముక్కలు వేళ్ళు. పుస్తకాలు పోగుచేస్తారు కానీ చదవరు అని వెక్కిరించడానికే వేశాడని కొందరు విమర్శకులు అంటారు. నాకైతే ఆ దుమ్ము కుచ్చులే చాలు, వెక్కిరింత తెలిసిపోతుంది. మంచి హాస్యం. కానీ ఇందులో పుస్తకాలు వట్టి అట్టలు, లోపల ఏముందో మనకు కనబడదు. 'వేసవి'లో ప్రతి కాయా మనతో మాట్లాడుతుంది. ఇందులో మనిషి మాత్రమే మాట్లాడతాడు.

పొగడ్త సంగతి

ఈ బొమ్మలు వేసింది నవ్వించడానికి మాత్రమే కాదు. 1569 కొత్త సంవత్సరం రోజున ఋతువులనూ నాలుగు భూతాలనూ మాక్సిమిలియన్ చక్రవర్తికి సమర్పించారు. జొవాన్ని బత్తిస్తా ఫోన్తేయో అనే కవి వాటితోపాటు ఒక కవిత ఇచ్చాడు. దాని సారాంశం ఇది. వేసవీ నిప్పూ ఒక జత, వేడిగా పొడిగా ఉంటాయి. చలికాలమూ నీరూ ఒక జత, చల్లగా తడిగా ఉంటాయి. అలాగే వసంతానికి గాలి, శరత్తుకు భూమి. వేరువేరు కాయలు కలిసి ఒక ముఖం అయినట్టు, వేరువేరు దేశాలు కలిసి హాబ్స్‌బర్గ్ రాజ్యం అయింది. ఋతువులు తిరిగి తిరిగి వచ్చినట్టు ఆ వంశం ఎప్పటికీ ఉంటుంది. అంటే బొమ్మ మొత్తం పొగడ్త.

'వెర్టుమ్నస్'లో ఈ పొగడ్త ఇంకా పెద్దది. 'వేసవి'లో వేసవి కాయలే ఉంటే, ఇక్కడ అన్ని కాలాల పువ్వులు, పండ్లు, గింజలు ఒకేసారి ఉన్నాయి. రుడాల్ఫ్ పాలనలో ఎప్పుడూ అన్నీ పండుతాయి, కరువు ఉండదు అని అర్థం. గ్రెగోరియో కొమానిని అనే కవి ఈ బొమ్మే మాట్లాడుతున్నట్టు ఒక కవిత కూడా రాశాడు.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. మా నాన్న బీన్సు, క్యాబేజీ వేస్తారు. అన్ని పంటలూ ఒకేరోజు రావని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వచ్చినా, అన్నీ ఒకేసారి వస్తే ధర పడిపోతుంది. నాలుగు ఋతువులూ ఒకే ముఖంలో పెట్టుకోవడం రాజుకు మాత్రమే కుదిరే కోరిక. ఆ బేరిపండును ఎవరు పెంచారో, ఆ గోధుమ ఎవరు కోశారో ఆ బొమ్మలో లేదు. పండించినవాళ్ళ కష్టమంతా పాలించినవాడి ముఖం అయిపోయింది.

చరిత్ర ఆ పొగడ్తను నిలబెట్టలేదు. 1611లో రుడాల్ఫ్ బొహీమియా కిరీటాన్ని తమ్ముడు మథియాస్‌కు వదులుకోవాల్సి వచ్చింది. 1612లో చనిపోయాడు. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్ కోటలోని వస్తువులను దోచుకుపోయింది. అలా వెళ్ళిన 'వెర్టుమ్నస్' కూడా ఇప్పుడు స్కూక్లోస్టర్ కోటలోనే ఉంది. రాజ్యం పోయింది, బేరిపండు మిగిలింది. పొగడ్త కోసమే వేసిన బొమ్మ అయితే రాజుతోపాటే దాని విలువ పోయేది. కాయలను అంత నిజంగా వేశాడు కాబట్టి ఆ రాజు పేరు తెలియని మనం కూడా దాని ముందు ఆగుతున్నాం.

తలకిందుల బొమ్మ

నాకు అన్నిటికన్నా నచ్చింది 'వెర్టుమ్నస్' కాదు, 'కూరగాయల తోటమాలి'. ఇటలీలోని క్రెమోనా పట్టణం మ్యూజియంలో ఉంది. చిన్న బొమ్మ, మన డ్రాయింగ్ పుస్తకం కన్నా పెద్దగా ఉండదు. 1590కి కాస్త అటూఇటూగా వేశాడు.

దాన్ని మామూలుగా చూస్తే ఒక నల్లటి గిన్నె, నిండా కూరగాయలు. ఎర్రగడ్డ, దుంపలు, పుట్టగొడుగులు, ఆకుకూరలు. ఏ వంటింట్లోనైనా ఉండే గిన్నె. ఇప్పుడు తలకిందులు చేయండి. గిన్నె టోపీ అవుతుంది. పొడుగు దుంప ముక్కు అవుతుంది. ఎర్రగడ్డ ఉబ్బిన బుగ్గ, పుట్టగొడుగులు పెదవులు, ఆకులు గడ్డం. ఒక తోటమాలి మనకేసి చూస్తాడు. మళ్ళీ తిప్పండి, మాయమైపోతాడు. గిన్నె, కూరగాయలు, అంతే. ఒక్క కాయ కూడా కదల్లేదు.

ఇది శ్లేషలో శ్లేష అని నేనంటాను. 'వేసవి'లో ముఖమూ కాయలూ ఒకేసారి కనబడతాయి. ఇందులో గిన్నె కనబడేటప్పుడు మనిషి కనబడడు. నాకు ఇది నిజం అనిపించింది. మార్కెట్లో మనం కూరగాయలు చూస్తాం. ముల్లంగి లేతగా ఉందా, ఎర్రగడ్డ గట్టిగా ఉందా అని నొక్కి చూస్తాం. వాటి వెనక ఉన్న మనిషి కనబడడు. కనబడాలంటే ఒకసారి తిప్పి చూడాలి. ఆర్చింబోల్దో ఇదంతా ఆలోచించి వేశాడని నేను చెప్పడం లేదు. ఆయన బహుశా నవ్వించడానికే వేసి ఉండొచ్చు, ఆ ముఖం మొరటుగా, నవ్వొచ్చేలాగే ఉంటుంది. కానీ వేసినవాడు అనుకున్నదానికన్నా ఎక్కువ చెప్పగలిగేదే మంచి బొమ్మ. చక్రవర్తికి దేవుడి పేరు, పూలదండ, అన్ని ఋతువులూ కావాల్సి వచ్చింది. తోటమాలికి ఒక గిన్నె చాలింది. ఎవరినీ పొగడకుండా వేసిన ఈ ముఖమే నాకు ఎక్కువ బతికున్నట్టు కనబడుతుంది.

ఇంకో మాట. కొన్నాళ్ళు పోయాక ఆర్చింబోల్దోను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 20వ శతాబ్దంలో అధివాస్తవికులు అనే చిత్రకారులు వచ్చాక మళ్ళీ ఆయన వైపు చూశారు. కలల్లో కనబడేలాంటి బొమ్మలు వేసేవాళ్ళు వాళ్ళు. 1936లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం వింత కళ గురించి పెట్టిన ప్రదర్శనలో ఆయనకూ చోటు దొరికింది. అంటే నాలుగొందల ఏళ్ళ కిందటి మనిషిని కొత్తవాళ్ళు తమవాడు అనుకున్నారు. ఈ రోజుల్లో కూరగాయలతో చేసిన ముఖాలు ప్రకటనల్లో, పిల్లల పుస్తకాల్లో కనబడుతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు నా గోనెపట్టా ముఖంలాంటివే. చూడగానే తెలిసిపోతుంది, తెలిశాక ఇంకేమీ మిగలదు.

గారడీకీ కళకూ తేడా అక్కడే ఉందని నా జవాబు. గారడీలో రహస్యం తెలిస్తే ఆట అయిపోతుంది. ఆర్చింబోల్దో బొమ్మలో రహస్యం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, అసలు చూడటం ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ పత్రికలో రంగు బొమ్మలు వేయడం కుదరదు కాబట్టి, చదివినవాళ్ళు స్కూలు కంప్యూటర్లో గానీ ఇంట్లో ఫోన్లో గానీ 'వేసవి', 'చలికాలం', 'కూరగాయల తోటమాలి' మూడూ వెతికి చూడండి. మొదట దూరం నుంచి ముఖం చూడండి. తర్వాత దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క కాయ పేరూ చెప్పండి. పక్కన అమ్మనో అవ్వనో కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, మనకు తెలియని ఆకుల పేర్లు వాళ్ళు చెబుతారు. ఆఖరుకు మూడో బొమ్మను తలకిందులు చేయండి. ఫోన్లో అయితే తెర తిరగకుండా లాక్ చేసుకోవడం మరిచిపోకండి, లేకపోతే తోటమాలి కనబడడు.

— పదవ తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం, హోసూరు